నూకలు ఎవని బండికి?

దొర కల్లంల పొద్దంత చాకిరి చేసిన మా తాతలకు కూలి కింద దక్కినవి తాలు, నూకలు. మంచి బియ్యం ఊరికి, నూకలు వాడకు - ఇదీ ఈ కులవ్యవస్థ చేసిన పంపకం. ఆ నూకల గంజి తాగే మేం అక్షరం నేర్చినం. ఇయ్యాల ఆ నూకల మీద కూడ కంపెనీల కన్ను పడ్డది.

పాడైన ధాన్యంతో, నూకలతో ఇథనాల్ చెయ్యొచ్చని 2018 జాతీయ జీవ ఇంధన విధానం చెప్పింది. 2020ల ఎఫ్.సి.ఐ. గోదాముల బియ్యానికీ తలుపు తెరిచిండ్రు. పాడైన గింజ పేరు చెప్పి మంచి గింజ దాక వచ్చిండ్రు! 2025 జనవరిల క్వింటాలు 2,250 రూపాయలకే ఇస్తమన్నరు.

ఇథనాల్ ఏమన్న బ్రహ్మవిద్యనా? బియ్యమో మక్కలో పిండి పట్టి, నీళ్లల్ల ఉడికించి, ఎంజైములతో చక్కెరగ మారుస్తరు. ఈస్టు వేసి పులియబెడ్తరు. కాగబెట్టి ఆవిరి పట్టి, నీటి తడి తీసేస్తరు. గుడిసెల గుడుంబ కాస్తే కేసు, జైలు. కోట్లు పెట్టి ఇథనాల్ కాస్తే దేశసేవ, వడ్డీ రాయితీ!

టన్ను బియ్యానికి సుమారు 450 లీటర్లు వస్తది. తెలంగాణల రేషను మనిషికి నెలకు 6 కిలోలు. అంటే 2.7 లీటర్లు. పెట్రోలుల 20 శాతం కలిపే లెక్కన ఒక మనిషి నెల బువ్వ ఒక్క మోటారు సైకిలు ట్యాంకుకు సరి!

రైతుకు ధర వస్తది, పిల్లలకు కొలువులొస్తయంటరు. గుంటెడు భూమి లేని కూలోనికి ఏ ధర వస్తది? వాగు నీళ్లు కంపు కొడితే మొదలు దురద పెట్టేది నాటేసే ఆడోళ్ల కాళ్లకే. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన నల్లగొండను అడగండి, నీళ్లు చెడితే ఏమైతదో.

పాలమూరు ఊకోలేదు. 2023 అక్టోబరుల చిత్తనూరు జనం లాఠీలకు ఎదురు నిలిచిండ్రు. 2025 జూన్‌ల పెద్దధన్వాడ రైతులను బేడీలేసి కోర్టుకు తెచ్చిండ్రు. 2024 నవంబరుల నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రోడ్డెక్కితే పనులు ఆపక తప్పలేదు.

మేం అడిగేది మూడు. ముందు కడుపుకు, తర్వాతనే ట్యాంకుకు. గ్రామసభ ఒప్పుకోనిదే ఫ్యాక్టరీ వద్దు. ఆ సభల పట్టాదారుతో సమానంగ కూలోని మాట లెక్కల రాయాలె.

వాడవాడల ఈ లెక్క చదివి వినిపించండి. మా నూకలు మేమే కొలుచుకుంటం. లేదంటే భూమ్మీద నూకలు చెల్లేది మాకే.

జై భీం!