సీసా నిండుగా తిరిగి వస్తే

బడులు తెరిచిన వారంలోనే గుంటూరు నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. "మా అబ్బాయి రెండో తరగతి. పాలు త్రాగడు, నీళ్ళు చప్పగా ఉన్నాయంటాడు. టిఫిన్ బాక్సు ప్రక్కన మామిడి జ్యూసు ప్యాకెట్టు పెడితేనే సంచి తగిలించుకుంటాడు. ఏం పంపమంటారు?" అని అడిగారు. ఇటువంటి ప్రశ్నలు ఏటా ఈ మాసంలో వస్తూనే ఉంటాయి. ఈసారి జవాబు వ్రాయబోతుండగా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి కలానికి అడ్డుపడింది. దానినే ముందుగా చెప్పవలసి ఉంది.

మా చిన్నమ్మాయి మూడో తరగతిలో ఉండగా నేను ఆమె సీసా విషయంలో ఎంతో శ్రద్ధ తీసుకునేదాన్ని. ఒక రోజు నిమ్మరసం, ఒక రోజు మజ్జిగ, ఒక రోజు సబ్జా గింజలు నానబెట్టిన నీళ్ళు. సాయంత్రం సంచి విప్పితే సీసా సగానికి పైగా నిండుగానే ఉండేది. రుచి నచ్చలేదేమోనని మరునాడు మరొకటి కలిపేదాన్ని. రెండు నెలలు గడిచేసరికి అమ్మాయికి మూత్రం పోసేటప్పుడు మంట, సాయంత్రాలు జ్వరం. డాక్టరమ్మ పరీక్ష చేయించి మూత్రనాళానికి ఇన్ఫెక్షన్ సోకిందన్నారు. మందులు వ్రాసి, నన్ను కాక అమ్మాయినే అడిగారు: "బడిలో నీళ్ళు ఎందుకు త్రాగవమ్మా?" అమ్మాయి చాలాసేపు నేల చూపులు చూసి, "అక్కడ మగ్గు లేదు అమ్మీ. తలుపుకు గడియ కూడా లేదు" అన్నది.

మూడేళ్ళ వయసు నుంచి తహారత్ నేర్పించినది మేమే. నీళ్ళతో శుభ్రం చేసుకోనిదే బయటికి రాకూడదని చెప్పినదీ మేమే. ఆ పాఠం అమ్మాయి బాగా నేర్చుకున్నది. మగ్గు లేని చోటికి వెళ్ళకుండా ఉండాలంటే నీళ్ళు త్రాగకుండా ఉండటమే ఉపాయమని తనంతట తానే తేల్చుకున్నది. ఉదయం ఏడున్నరకు ఇల్లు విడిచిన బిడ్డ మధ్యాహ్నం మూడున్నర దాకా బిగబట్టుకుని కూర్చునేది. నేనేమో సీసాలో ఏ రుచి కలపాలా అని ఆలోచిస్తున్నాను.

మరునాడు నలుగురు తల్లులం కలిసి ప్రధానోపాధ్యాయురాలిని కలిశాము. ఆమె నొచ్చుకోలేదు. తమ దృష్టికి ఎవరూ తీసుకురాలేదని చెప్పి, వారం తిరిగేలోగా గడియలు వేయించారు. మగ్గులు మాత్రం మేమే కొని ఇచ్చాము. మా తరగతిలో మరో అయిదుగురు ఆడపిల్లలది కూడా ఇదే కథ అని అప్పుడు తెలిసింది. వారిలో ముగ్గురు మన పిల్లలు కారు. సిగ్గుకు మతభేదం లేదు కదా!

అందువల్ల గుంటూరు సోదరికి నా మొదటి మాట ఇది. సీసాలో ఏం పోయాలో అడిగే ముందు, పోసినది ఎంత తిరిగి వస్తున్నదో వారం రోజులు గమనించండి. బిడ్డ ఇంటికి రాగానే పరుగున బాత్‌రూముకు వెళుతున్నాడా? మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటున్నదా? మలబద్ధకం, సాయంత్రపు తలనొప్పి ఉన్నాయా? ఉంటే లోపం రుచిలో లేకపోవచ్చు. ఈ పరిస్థితిని గుర్తించే 2019లో కేరళ పాఠశాలల్లో నీళ్ళు త్రాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతిని మొదలుపెట్టారు. ఆ పద్ధతి తరువాత ఆంధ్రప్రదేశ్‌కు కూడా వచ్చింది. మీ బడిలో ఆ గంట లేకపోతే అడగండి. గంట ఉండి మరుగుదొడ్డికి గడియ లేకపోతే, ముందు గడియ సంగతే అడగండి.

ఇక జ్యూసు ప్యాకెట్టు. దాని మీద మామిడిపండు బొమ్మ పెద్దదిగా ఉంటుంది, వివరాలు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. మన దేశపు నిబంధనల ప్రకారం 'ఫ్రూట్ డ్రింక్' అనిపించుకోవడానికి అందులో పండ్ల రసం 10 శాతం ఉంటే చాలు. నిమ్మకాయ పానీయానికైతే 5 శాతమే. మిగిలినది చాలావరకు నీళ్ళూ చక్కెరా. నేను చూసిన ఒక ప్యాకెట్టుపై 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర అని వ్రాసి ఉన్నది. 200 మిల్లీలీటర్ల ప్యాకెట్టు త్రాగితే 26 గ్రాములు, అంటే ఆరు చెంచాలకు పైగా. రెండేళ్ళు దాటిన పిల్లలకు రోజు మొత్తం మీద అదనంగా చేర్చిన చక్కెర 25 గ్రాములు మించరాదని అమెరికా హృద్రోగ సంఘం సలహా. అంటే ఆ రోజు కోటా ఒక్క ప్యాకెట్టుతోనే దాటిపోయింది. ఇంటికి వచ్చాక త్రాగే తీపి టీ, బిస్కెట్లు, పెరుగులో వేసే చక్కెర ఇంకా లెక్కలోకి రాలేదు.

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. ప్యాకెట్టు త్రిప్పి ఆకుపచ్చ చుక్క ఉందా అని చూస్తాము. ఉంటే నిశ్చింత. ఆ చుక్క శాకాహారమా కాదా అన్న ఒక్క విషయమే చెబుతుంది. చక్కెర గురించి, రంగుల గురించి దానికి నోరు లేదు. హలాల్‌తో పాటు తయ్యిబ్ అన్న మాట కూడా మనకు నేర్పబడింది కనుక చుక్క దగ్గర ఆగిపోకుండా మరో రెండు వరుసలు క్రిందికి చదవడం మన బాధ్యతే.

బజారులో ఇరవై రూపాయలకు దొరికే 'ఎనర్జీ' సీసాల గురించి ఒక్క మాట చాలు. వాటిలో కెఫీన్ ఉంటుంది. పిల్లలకు తగదని ఆ సీసా మీదనే ముద్రించి ఉంటుంది. చదివి వినిపించండి. నాలుగో తరగతి పిల్లవాడికి మన మాట కంటే అచ్చులో ఉన్న మాట మీద నమ్మకం ఎక్కువ.

ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త వహించవలసినది మందుల దుకాణంలో దొరికే తియ్యని అట్టపెట్టెల విషయంలో. ఎండకు పిల్లవాడు డీలా పడ్డాడని 'ఓఆర్ఎస్' అన్న మాట చూసి వాటిని కొని సంచిలో పెట్టిన తల్లులు ఎందరో. నేనూ పెట్టాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం, సిట్రేటు లవణాలు కొలత ప్రకారం ఉంటాయి. ఆ కొలతలోనే దాని గుణం ఉంది. చక్కెర ఎక్కువైతే విరేచనాలు తగ్గడానికి బదులు పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ తియ్యని పానీయాల మీద ఆ పేరు ఉండరాదని దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. మన నగరంలో, మన పిల్లలకు వైద్యం చేసే ఒక తల్లి సాధించిన పని ఇది. దుకాణంలో అడిగేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని వ్రాసి ఉన్న పొడి ప్యాకెట్టునే అడగండి. అయినా అది విరేచనాలకు ఔషధం. రోజూ టిఫిన్‌తో పంపే షర్బత్ కాదు.

మరి ఏం పంపాలి? నీళ్ళు. ఈ జవాబు చప్పగా ఉంటుందని తెలుసు. అయినా పెద్ద సీసాలో ఎప్పుడూ నీళ్ళే ఉండాలి. మరేదైనా పంపదలచుకుంటే అది రెండో చిన్న సీసాలో, అన్నానికి తోడుగా వెళ్ళాలి. ఒక్క సీసాయే పంపి అందులో షర్బత్ పోస్తే దాహం వేసిన ప్రతిసారీ తీపి అలవాటు అవుతుంది. గొంతుకు నీళ్ళ రుచి మరచిపోతుంది. గుంటూరు అబ్బాయికి జరిగినది ఇదే కావచ్చు.

నీళ్ళ గురించి నల్లగొండ, ప్రకాశం జిల్లాల సోదరీమణులకు ఒక మనవి. బోరు నీటిని కాచి చల్లార్చితే సూక్ష్మక్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని పాళ్ళు పెరుగుతాయి కూడా. అక్కడ కాచడం కంటే శుద్ధి కేంద్రం నుంచో సరఫరా పథకం నుంచో వచ్చే నీటిని పట్టి పంపడం మేలు.

చిన్న సీసాకు మజ్జిగను మించినది నాకు తోచదు. ఆ పూట తోడుకున్న కమ్మని పెరుగును పలుచగా చిలికి, చిటికెడు ఉప్పు వేసి, అల్లం దంచిన రసాన్ని వడగట్టి కలపాలి. కరివేపాకు, కొత్తిమీర వేయాలని మనసు లాగుతుంది, కాని అవి మూతి రంధ్రంలో ఇరుక్కుంటాయి. పిల్లవాడు తోటివారి ముందు సీసా విదిలించలేక మూసి పెట్టేస్తాడు. ఎండ కాలంలో మధ్యాహ్నానికి పులిసిపోతుందని కొందరి భయం. స్టీలు ఫ్లాస్కులో ముందుగా చల్లని నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి, ఆ నీళ్ళు పారబోసి, ఫ్రిజ్‌లో నుంచి తీసిన మజ్జిగ పోస్తే అన్నం వేళకు చల్లగానే ఉంటుంది. ఆ ఫ్లాస్కును మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, పాడవుతుంది. మామూలు ప్లాస్టిక్ సీసాయే ఉంటే రాత్రి పావు వంతు నీళ్ళు పోసి, ప్రక్కకు పడుకోబెట్టి గడ్డ కట్టించి, ఉదయం మీద నీళ్ళు నింపి మజ్జిగ సీసా ప్రక్కన పెట్టండి. రెంటికీ చలువ.

నిమ్మరసం కూడా మంచిదే. పాలకూర పప్పో, మెంతికూరో పెట్టిన రోజున మరీ మంచిది. నిమ్మలోని విటమిన్ సి ఆ కూరలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. టీ దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఇనుముకు అడ్డుపడుతుంది. ఉదయాన్నే ఇరానీ చాయ్‌లో బిస్కెట్టు ముంచి పిల్లల నోట పెట్టే ముద్దు మన ఇళ్ళలో దాదీలకు ఉంది. వారి మనసు నొప్పించకుండా ఆ కప్పును పాలవైపు మళ్ళించడం కోడళ్ళ నేర్పు మీద ఆధారపడి ఉంటుంది. నా చేత కాలేదు, మా ఆడబిడ్డ చేత అయింది. నిమ్మరసంలో గింజలు పడితే మధ్యాహ్నానికి చేదెక్కుతుంది కనుక తప్పక వడగట్టాలి. రాగి సీసాలో నిమ్మరసం గాని మజ్జిగ గాని ఎన్నడూ పోయవద్దు. పులుపుకు రాగి కరిగి వాంతులు కలిగిస్తుంది.

రాగిజావ గురించి చాలామంది అడుగుతారు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు ఇవ్వడం మొదలుపెట్టారు. కాని సీసాలో పంపితే చల్లారి గడ్డకడుతుంది. ఉదయం ఇంట్లోనే త్రాగించడం ఉత్తమం. పాలూ అంతే. ఫ్లాస్కులో గోరువెచ్చగా పోసి పంపిన పాలు క్రిములు పెరగడానికి ఎంతో అనువైనవి.

ఇదే హెచ్చరిక నబీజ్‌కు ఇంకా గట్టిగా వర్తిస్తుంది. రాత్రి ఖర్జూరాలు నానబెట్టిన నీటిని ఉదయం పిల్లలకు త్రాగించే మంచి అలవాటు కొన్ని కుటుంబాల్లో ఉంది. బరకత్ కోసమని దానినే సీసాలో పోసి బడికి పంపిన సోదరి ఒకరు, మధ్యాహ్నం మూత తీయగానే నురుగు పొంగిందని చెప్పారు. తీపి నీరు వేడికి పులుస్తుంది. పులిసినది మత్తు పదార్థంగా మారే దారిలో ఉన్నట్లే. నబీజ్‌ను ఎక్కువ కాలం నిలువ ఉంచరాదన్న జాగ్రత్త మన పెద్దలు ఊరికే పాటించలేదు. ఫజ్ర్ తర్వాత ఇంట్లో త్రాగించండి. సంచిలో రెండు ఖర్జూరాలు విడిగా పెట్టండి.

తేనె కలిపితే చక్కెర లెక్కలోకి రాదనుకోవడం కూడా పొరపాటే. తేనె గౌరవం తేనెది, పళ్ళకు చేసే పని మాత్రం ఒకటే. రోజ్ షర్బత్ ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద అందంగా ఉంటుంది, అక్కడే ఉండనివ్వండి.

సీసా శుభ్రత గురించి చెప్పకుండా ముగించలేను. మూతలోని రబ్బరు చుట్టను ఎప్పుడైనా ఊడదీసి చూశారా? మా ఇంట్లో తొలిసారి తీసినప్పుడు దాని వెనుక నల్లని బూజు పట్టి ఉన్నది. అప్పటికి ఆ సీసా వాడకం ఏడు నెలలు. వారానికి రెండుసార్లు పంటిపుల్లతో దానిని పైకి లాగి, వంటసోడా కలిపిన వేడినీటిలో నానబెట్టి, తోమి, ఎండలో ఆరబెట్టాలి. స్ట్రా ఉన్న సీసాల్లోకి బ్రష్షు చొరదు. వాటిని కొనకపోవడమే సుఖం. కూల్‌డ్రింకు సీసాలను మళ్ళీ మళ్ళీ వాడటం మానుకోండి, వేడివి అసలే పోయకండి.

గుంటూరు సోదరికి చివరిగా ఒక మాట. జ్యూసు ప్యాకెట్టును ఒక్క రోజులో లాగివేయకండి. ఈ వారం శుక్రవారం ఒక్కటి తగ్గించండి, వచ్చే వారం మరొకటి. ఆ రోజుల్లో చల్లని నీళ్ళలో నాలుగు పుదీనా ఆకులు వేసి, సీసాను ఆ అబ్బాయి చేతనే నింపించండి. తాను నింపినది త్రాగకుండా తెచ్చే పిల్లవాడిని నేను ఇంకా చూడలేదు.

మా అమ్మాయి ఇప్పుడు అయిదో తరగతి. సీసా ఖాళీగానే వస్తున్నది. నెలకొకసారి మూత కూడా లేకుండా వస్తున్నది. మూతలు విడిగా అమ్మే దుకాణం ఎవరికైనా తెలిస్తే దయచేసి ఈ శీర్షికకు వ్రాయండి.