మన బిడ్డల ఆరోగ్యము: రక్తము చెప్పే సంగతి



మొన్నటివరకు గంతులు వేసిన ఏడేళ్ల పాప మెట్లు ఎక్కలేనంటుంది. నేలమీద కూర్చుంటే తొడలమీద చేతులు ఆనించుకొనిగాని లేవలేదు. తల దువ్వుకొనుటకు చేయి పైకెత్తలేదు. బడికి పోవడానికి బద్ధకమని మనము కోప్పడతాము. కనురెప్పలమీద ఊదారంగు, వేళ్ల కణుపులమీద ఎర్రని పొక్కులు కనబడితే ఎండకు వచ్చినవిలే అనుకుంటాము. ఈ బలహీనత, ఈ మచ్చలు కలిసి వచ్చినప్పుడు ఒక జబ్బును అనుమానించాలి. వైద్యులు దానిని జువెనైల్ డెర్మటోమయోసైటిస్ అంటారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే దారి తప్పి సొంత కండరాలమీద, చర్మముమీద, సన్నని రక్తనాళాలమీద పడుతుంది.

ఇది అరుదైనది. పాశ్చాత్య దేశాల లెక్కలలో ఏటా 10 లక్షలమంది పిల్లలలో 2 నుండి 4గురికి వస్తుంది. ఆడపిల్లలలో ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల పాపఫలమూ కాదు. పుట్టుగ్రుడ్డివాని గూర్చి శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఇచ్చిన జవాబును యోహాను సువార్త 9వ అధ్యాయములో చదువుకొనండి.

కండరము దెబ్బతింటే, చిల్లిపడిన కుండలోని నీరువలె దానిలోని ఎంజైములు రక్తములోకి కారుతాయి. సి.పి.కె., ఎల్.డి.హెచ్., ఆల్డొలేజ్, ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనే పరీక్షలు వాటినే కొలుస్తాయి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతున్నవి.

మొదటిది: చివరి రెండు ఎంజైములు కాలేయములోను ఉంటాయి. అవి పెరిగినవని చూసి, కామెర్లని పసరు మందుకు పరుగెత్తితే విలువైన వారాలు పోతాయి. కాళ్లలో బలము లేని బిడ్డకు సి.పి.కె. కూడా చేయించమని డాక్టరుగారిని అడగండి.

రెండవది: జబ్బు లోపల రగులుతున్నా కొందరు బిడ్డలలో సి.పి.కె. మామూలుగానే ఉంటుంది. ఇ.ఎస్.ఆర్. కూడా అంతే. కాబట్టి "రిపోర్టు బాగుంది" అని మందు మానరాదు. బిడ్డ ఎలా లేస్తున్నది, ఎలా నడుస్తున్నది అనేది కూడా ఒక పరీక్షే.

ఈ లోటు తీర్చుటకు శాస్త్రజ్ఞులు మెరుగైన గుర్తులను వెదకుచున్నారు. గలెక్టిన్-9, సి.ఎక్స్.సి.ఎల్.-10 అనే రెండు పదార్థములు జబ్బు చురుకుగా ఉన్నదా, అణగినదా అని సి.పి.కె. కంటె బాగా తెలుపుతున్నవని 2019లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. కొందరిలో జబ్బు తిరగబెట్టుటకు నెలల ముందే అవి పెరిగినవి. కాగితముమీద ఆరబెట్టిన రక్తపు చుక్కలోను వాటిని కొలవవచ్చునట. మన ఊళ్ల ల్యాబులకు అవి ఇంకా రాలేదు. వస్తే దూరపు పల్లెల బిడ్డలకు ఎంతో మేలు.

స్టెరాయిడ్ మందులు రాక పూర్వము ఈ జబ్బు వచ్చిన బిడ్డలలో సుమారు మూడవ వంతు చనిపోయేవారు. నేడు అత్యధికులు బ్రతుకుచున్నారు. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. స్టెరాయిడ్‌తో ముఖము ఉబ్బినదని మందు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయము. డాక్టరే మెల్లగా తగ్గించాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేయాలి, ప్రతిరోజు కాదు. ఆ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఎండలో గొడుగు, పొడుగు చేతుల చొక్కా ఉండాలి. మింగుడు పడకపోయినా, గొంతు ముక్కుతో మాట్లాడినట్లు మారినా, ఆయాసము వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. హైదరాబాదు నిమ్స్, వెల్లూరు సి.ఎం.సి. వంటి పెద్ద ఆసుపత్రులలో ఇటువంటి జబ్బులకు ప్రత్యేక విభాగములున్నవి.

కపెర్నహూములో నడవలేని ఒకనిని నలుగురు మోసుకొని వచ్చి, ఇంటికప్పు విప్పి ప్రభువు ఎదుట దింపిరి. వారు ఇంటివద్దనే ఉండి ప్రార్థించి ఊరుకొనలేదు. మీ సంఘములో అటువంటి బిడ్డ ఉంటే ప్రార్థించండి. దానితోపాటు బస్సు చార్జీలకు, మందులకు, తల్లి ఆసుపత్రిలో ఉన్న రోజులలో ఇంట ఉన్న చిన్నవారి అన్నానికి ఆ నలుగురు మీరే కండి.