దుష్టశిక్షణ అనే భ్రాంతి

కొరియా ప్రతీకార చిత్రాలలోని హింసను 'దుష్టశిక్షణ' అని సమర్థించేవారున్నారు. ఇది శుద్ధ భ్రాంతి. కిమ్ జీ-ఊన్ దర్శకత్వంలో 2010లో వచ్చిన 'ఐ సా ది డెవిల్' కథానాయకుడు, తనకు కాబోయే భార్యను వధించిన హంతకుణ్ణి పట్టుకొంటాడు, హింసిస్తాడు, విడిచిపెడతాడు, మరల పట్టుకొంటాడు. దండనమే ధ్యేయమైతే విడువనేల? పరుని వేదన అతనికి భోగ్యవస్తువైనది గనుక! దండనీతికి అవధి ఉన్నది, క్రోధానికి లేదు. ఆ విడుదలల నడుమ మరికొన్ని ప్రాణాలు పోతాయి. మృతురాలి సోదరి సైతం బలి అవుతుంది. ఆ రక్తపాతంలో అతని భాగమెంత? క్రోధం వివేకాన్ని హరించే క్రమాన్ని గీత ద్వితీయాధ్యాయంలో చదివినవారే ఈ ప్రశ్న వేయకపోవడం విచారకరం. దర్శకుడు మాత్రం ఏదీ దాచలేదు. హంతకుడు మరణించిన పిమ్మట నాయకునికి శాంతి లభించదు. రోదిస్తూ ఒంటరిగా రహదారిపై నడిచిపోతాడు.