మీటరు సున్నా చూపిస్తే సరిపోతుందా?

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాల ఇళ్ల మీద 2 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. లక్ష్యం 20 లక్షల ఇళ్లు. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000 రూపాయల సబ్సిడీ వస్తుంది, మిగతాది రాష్ట్రం భరిస్తుంది. దళితవాడకి ఏదైనా అందరికంటే ముందు వస్తోందంటే అనుమానించడం మనకి అలవాటే గానీ, దీన్ని వద్దనడానికి మాకు కారణం కనబడలేదు. మేం అడిగేది వేరు. ప్యానెళ్లు బిగించి వెళ్లాక ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరు కొలుస్తారు? అసలు ఏం కొలుస్తారు?

ఏడాదిలో వాడుకునే కరెంటంతా తనే తయారు చేసుకునే ఇంటిని జీరో ఎనర్జీ ఇల్లు అంటున్నారు. ఇలాంటి ఇళ్ల కాలనీల్లో బాగా పేరు పడ్డది లండన్ దక్షిణాన సటన్‌లోని బెడ్‌జెడ్. 2002లో పూర్తయింది, 82 ఇళ్లు. పీబాడీ ట్రస్టు కట్టించింది, ఆర్కిటెక్ట్ బిల్ డన్‌స్టర్. గోడల్లో 30 సెంటీమీటర్ల మందాన చలిని ఆపే పొర, దక్షిణం వైపు అద్దాల గదులు, కప్పు మీద గాలిని లోపలికి పంపే రంగురంగుల గొట్టాలు. చెక్క ముక్కలతో కరెంటూ వేడినీళ్లూ రెండూ ఇచ్చే ఒక ప్లాంటు. కాగితం మీద కాలనీ కర్బన లెక్క సున్నా.

ఆ ప్లాంటు 2005లో ఆగిపోయింది. మామూలు గ్యాస్ బాయిలర్లతో నడిపారు. ఈ సంగతి దాచకుండా చెప్పింది ఆ ప్రాజెక్టులో భాగమైన బయోరీజనల్ సంస్థే. మీటర్లు చదివి, నివాసులను అడిగి 2009లో నివేదిక ఇచ్చారు. సటన్ సగటుతో పోలిస్తే ఇళ్లను వేడి చేయడానికి వాడే ఇంధనం 81 శాతం, కరెంటు వాడకం 45 శాతం తక్కువని తేలింది. వేసవిలో ఇల్లు ఉడికిపోతోందన్న నివాసుల మాటా అందులో ఉంది. అంటే మందపాటి గోడలు చెప్పినట్టే పనిచేశాయి. రోజూ మనిషి చూసుకోవలసిన యంత్రం మూలనపడింది. కొలవకపోతే ఈ రెండూ కలిసిపోయి 'జీరో' అన్న పేరొక్కటే మిగిలేది.

ఇంకో అధ్యయనం మనకి మరీ దగ్గర. జర్మనీలో సుమారు 3,400 ఇళ్ల లెక్కలు చూసిన కేంబ్రిడ్జ్ పరిశోధకులు మిన్నా సునిక్కా-బ్లాంక్, రే గాల్విన్, ఇంజనీర్ల అంచనా కంటే జనం సగటున 30 శాతం తక్కువ ఇంధనం వాడుతున్నారని 2012లో రాశారు. ఇల్లు ఎంత నాసిరకమైతే ఆ తేడా అంత ఎక్కువ. అలాంటి ఇంటిని పూర్తిగా వెచ్చబెట్టే ఖర్చు భరించలేనివాళ్లు కొంత చలికి ఓర్చుకుంటారు. మీటరు తక్కువ తిరగడం ఇంటి గొప్పతనం కాకపోవచ్చు, అందులో ఉన్నవాళ్ల ఓర్పు కావచ్చు.

ఇప్పుడు మన వాడకి వద్దాం. 2 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సుమారు 8 యూనిట్లు ఇస్తాయి. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ ఉన్న ఇల్లు మూడు యూనిట్లు దాటదు. లెక్క ప్రకారం ఇది జీరోని కూడా మించిన ఇల్లు. రెంటచింతల ఎండలో రేకుల కింద రాత్రంతా నిద్రపట్టక బయట మంచం వేసుకున్న కుటుంబమే లెక్కల్లో అందరికంటే ఆదర్శంగా కనబడుతుంది! (స్లాబు మీద ప్యానెళ్ల నీడ పడి కొంత వేడి తగ్గుతుంది, నిజమే. రేకుల కప్పు ఆ బరువు మోయగలదా అన్నది వేరే సంగతి.)

నెట్ మీటరు కూడా ఈ తేడా చెప్పదు. లైను నుంచి ఎంత వచ్చింది, లైనులోకి ఎంత పోయింది, ఇంతే అందులో పడుతుంది. పగలు ఇంట్లోనే ఖర్చయిన సోలార్ కరెంటు అందులో కనబడదు. ప్యానెల్ ఎంత తయారు చేసిందో తెలియాలంటే ఇన్వర్టర్ రీడింగో, విడిగా ఇంకో మీటరో చూడాలి.

డబ్బు లెక్క ఇంకొకటి. ఆంధ్రలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఇప్పటికే ఉచితం. ఆ డబ్బు ప్రభుత్వం డిస్కంలకు కట్టాలి. కాబట్టి చాలా ఇళ్లలో ప్యానెళ్ల వల్ల బిల్లు కొత్తగా తగ్గేది ఏమీ లేదు, తగ్గేది ప్రభుత్వం కట్టే సబ్సిడీ. మిగులు కరెంటు డబ్బు ఇంటివాళ్లకు సరిగా ముడితేనే వాళ్లకి లాభం. మరి నాలుగో ఏట ఇన్వర్టర్ కాలిపోతే? బెడ్‌జెడ్ ప్లాంటుకి జరిగిందే ఇక్కడా జరిగితే, బాగు చేయించేది ఎవరు? అప్పటికి ఆ 200 యూనిట్లు ఉంటాయా, 'మీకు సోలార్ ఇచ్చాం కదా' అంటారా? ఉపప్రణాళికకు 2013లో చట్టం వచ్చాక కూడా నిధుల కోసం ఎంత తిరగాల్సి వచ్చిందో తెలిసినవాళ్లం, దీనికి జవాబు కాగితం మీద కావాలి.

బిగించిన ఇళ్ల సంఖ్య ఒక్కటే ప్రకటిస్తే చాలదు. మండలాలవారీగా ఉత్పత్తి, ప్యానెళ్లు పనిచేయని రోజులు, మరమ్మతుకు పట్టిన రోజులు బయటపెట్టాలి. ఏప్రిల్, మే నెలల్లో గది లోపలి ఉష్ణోగ్రత కూడా నమోదు చేయాలి. దీనికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ప్రతి వాడలో పది ఇళ్లలో గోడకి ఒక థర్మామీటరు, మధ్యాహ్నం మూడింటికీ రాత్రి పదింటికీ రాసుకునే ఒక పుస్తకం ఉంటే చాలు. ఈ వేసవికి విద్యార్థి సంఘాలు ఈ పని మొదలుపెట్టవచ్చు, మిగతా అంకెలకు డిస్కంకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు.