పద్దెనిమిదేళ్లు నిండేలోపు నేర్పాల్సిన పాఠం



పదో తరగతి ఫలితాలు ఇంకా రాకముందే మీ ఫోన్ మోగడం మొదలవుతుంది. "మీ అబ్బాయికి మా కాలేజీలో సీటుంది సార్" అంటారు. మీ నంబరు, బాబు పేరు, చదివే తరగతి వాళ్లకెలా తెలిశాయి? "దాచుకోవాల్సినంత రహస్యాలు మనకేమున్నాయి?" అనేవారికి ఈ ఒక్క ఫోన్ కాల్ చాలు.

రేపు మన పిల్లలు యూనివర్సిటీలో చేరతారు. హాస్టల్ ఫారం, బ్యాంకు ఖాతా, ఇంటర్న్‌షిప్ లింకు, ఇలా ప్రతిచోటా ఆధార్ జిరాక్స్, ఫొటో అడుగుతారు. ఎందుకని అడగడం తెలియని పిల్లలు అన్నీ ఇచ్చేస్తారు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, 18 ఏళ్లలోపు వారి వివరాలకు సాధారణంగా తల్లిదండ్రుల సమ్మతి కావాలి. 18 నిండాక ఆ సమ్మతి ఇచ్చేది పిల్లలే. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కూ వారికుంటుంది. ఆ సంగతి వారికి తెలియాలి కదా!

అందుకే డేటా ప్రైవసీని కంప్యూటర్ సైన్స్ వాళ్లకే పరిమితం చేయకుండా యూనివర్సిటీలో ప్రతి విద్యార్థికీ బోధించాలని నా అభిప్రాయం. రేపు డాక్టరయ్యే అమ్మాయి చేతిలో రోగుల రిపోర్టులుంటాయి. బీకాం చదివే అబ్బాయి చేతిలో ఖాతాదారుల పాన్ నంబర్లుంటాయి. తన వివరాల విలువ తెలిసినవారే ఎదుటివారి వివరాలను జాగ్రత్తగా చూస్తారు.

యూనివర్సిటీ నేర్పేదాకా ఆగనక్కర్లేదు. ఈ నెలలో ఏదో ఒక ఫారం మీ పిల్లల చేతే నింపించండి. ఈ వివరం ఎందుకు, ఎంతకాలం ఉంచుకుంటారు, ఇంకెవరికిస్తారు అని అడగడం అలవాటు చేయండి. తప్పనిసరి కాని గళ్లు ఖాళీగా వదిలేయమనండి. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలో చూపించండి. స్నేహితుల ఫొటో గ్రూపులో పెట్టేముందు వాళ్లనోసారి అడగమనండి.

ఇది బడికీ వర్తిస్తుంది. ర్యాంకు వచ్చిన పిల్లల ఫొటో ఫ్లెక్సీ మీద వేసేముందు మేము మిమ్మల్నీ, ఆ విద్యార్థినీ అడగాలి. అడగకపోతే మమ్మల్నే నిలదీయండి. మీరు ప్రశ్నించడం చూసిన పిల్లలకు ఈ పాఠం మరి విడిగా చెప్పనక్కర్లేదు.