కొలెస్టరాల్‌కు పట్టిన చిలుము

శరత్‌పూర్ణిమ మరునాడు సూరత్ నగరం ‘చందీ పడ్వో’ పండుగ జరుపుకొంటుంది. కోవా, పప్పులు కూరి నేతితో పూతపెట్టిన ఘారీ ఆనాటి ప్రత్యేక మిఠాయి. తెలంగాణ నుండి వలసవెళ్లి అక్కడి మరమగ్గాలపై బ్రతుకుతున్న పద్మశాలి కుటుంబాలకు సైతం ఆ రుచి కొత్త కాదు. అయితే ఘారీ పండుగనాటి మాట. నూనెలో వేగిన సేవ్, ఫాఫ్డా నిత్యం దొరికేవి. ఈ తిండి రక్తనాళాలను ఏమి చేస్తుంది?

1913లో రష్యన్ శాస్త్రజ్ఞుడు నికొలాయ్ అనిచ్కోవ్ కుందేళ్లకు కొలెస్టరాల్ తినిపించి, వాటి ధమనులలో కొవ్వు పేరుకొనడం చూపాడు. దోషం కొలెస్టరాల్‌దేనని చాలామంది భావించారు. 1970 దశకంలో అమెరికన్ పరిశోధకులు ఇందులో ఒక మెలిక కనుగొన్నారు. గాలి తగిలి నిలవఉన్న కొలెస్టరాల్ కుందేలు ధమనులను త్వరగా గాయపరచింది. శుద్ధి చేసినది అంతగా బాధించలేదు. ఇత్తడికి చిలుము పట్టినట్లు, ప్రాణవాయువు సోకి మారిన కొలెస్టరాలే తీవ్రతర శత్రువని వారు వాదించారు.

కణం రెండుగా చీలాలంటే కొత్త పొర కావాలి. ఆ పొరకు కొలెస్టరాల్ కావాలి. ఆక్సీకృత కొలెస్టరాల్ కణం లోపల జరిగే ఈ తయారీని అడ్డగిస్తుంది. మోతాదు మించితే కణం చనిపోతుంది. నాళపు లోపలి పూత ఇలా దెబ్బతిన్నచోట, నడిమి పొరలోని కండరకణాలు లోనికి చొచ్చి మితిమీరి పెరుగుతాయని 1973లో రస్సెల్ రాస్, జాన్ గ్లామ్‌సెట్ వివరించారు. గాయం మాన్పబోయిన పెరుగుదలే రక్తం పారే దారిని ఇరుకు చేస్తుందన్నమాట!

1987లో మార్క్ జేకబ్సన్ ‘లాన్సెట్’ పత్రికలో నేతిని గురించి రాశాడు. ఆయన పరీక్షించిన నేతి స్టెరాల్ పదార్థాలలో నూటికి 12 పాళ్లకు పైగా ఆక్సీకృత కొలెస్టరాల్ ఉన్నది. తాజా వెన్నలో అది కానరాలేదు. కాచే తీరును బట్టి, నిలవను బట్టి ఈ పాలు మారుతుంది. కావున అన్ని నేతులనూ ఒకే గాటన కట్టరాదు.

వంటనూనెలో కొలెస్టరాల్ ఉండదు. అయినా మరలమరల కాచిన నూనె తానే చెడుతుంది. చెడిన పాలు నూటికి 25 మించిన నూనెను వాడరాదని 2018లో మనదేశంలో నిబంధన వచ్చింది.

గృహిణి చేతిలో ఉన్న ఉపాయం చిన్నదే. నేయి కొద్దికొద్దిగా కాచుకొని, గాలీ వెలుతురూ తగలకుండా మూతపెట్టి, మితంగా వడ్డించాలి. వేపుడుకు ఒకసారి వాడిన నూనెను మరునాటి మూకుడులో పోయరాదు. పండుగనాడు ఒక ఘారీ తిన్నందుకు బెంగపడనక్కరలేదు. రోజూ మాడే మూకుడును గమనించుకొంటే చాలు.