కాలు నొక్కాక ఎంతసేపు?

విశాఖ జాలరిపేట ఒడ్డున ఫైబర్ బోటు సముద్రంలోకి దిగేటప్పుడు మోటారు ఎన్ని గుర్రాలదని లెక్క చూసుకుంటే సరిపోదు. ఒక అల విరిగి, ఇంకొకటి లేచే లోపల మోటారు జోరందుకోవాలి. జోరు కాస్త ఆలస్యమైతే రెండో అల బోటును అడ్డం తిప్పేస్తుంది. వేళ దాటాక వచ్చే బలం ఒక్కోసారి బలం లేకపోవడం కన్నా ప్రమాదం. మోటారు వాహనాల చరిత్రలో ఈ మాటకు పోర్షే 911 టర్బోని మించిన సాక్ష్యం నాకు కనిపించదు. ఆ జర్మన్ కారు యాభై ఏళ్ల కథను హార్స్‌పవర్ పెరిగిన కథగా చెప్పడం రివాజు: 1974లో 260, 2025లో వచ్చిన టర్బో ఎస్‌లో 711. అంకెలు నిజమే. కానీ ఇన్నేళ్లూ ఆ కంపెనీ ఇంజినీర్లకు నిద్ర లేకుండా చేసింది బలం చాలకపోవడం కాదు, అది ఆలస్యంగా రావడం.

టర్బో సూత్రం విశాఖవాసులకు పరాయిదేమీ కాదు. మన ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వెలువడే వాయువు ఒత్తిడితో టర్బైన్ తిప్పి కరెంటు తీసే ఏర్పాటు ఉంది. కారు టర్బోలోనూ పారేసే పొగే చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండో చక్రం గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. ఎక్కువ గాలి పోతే ఎక్కువ ఇంధనం మండుతుంది. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ దీనికి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఓడల డీజిల్ ఇంజిన్లకు ఇది అతికినట్టు సరిపోయింది. ఓడ ఇంజిన్ గంటల తరబడి ఒకే వేగంతో తిరుగుతుంది కాబట్టి చక్రం జోరందుకోవడానికి కాస్త సమయం పట్టినా అడిగేవారుండరు. కారు అలా కాదు. ప్రతి మలుపులోనూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి, మళ్లీ నొక్కాలి. నొక్కాక పొగ పుంజుకోవాలి, చక్రం నిమిషానికి దాదాపు లక్ష చుట్లకు చేరాలి. ఆ ఎదురుచూపే ‘టర్బో ల్యాగ్’.

930 అనే అంతర్గత సంఖ్యతో 1974 పారిస్ ప్రదర్శనకు వచ్చిన తొలి 911 టర్బోలో ఈ జబ్బు ముదిరిన స్థితిలో ఉంది. ఒకటే పెద్ద టర్బో. గాలి ఒత్తిడికి ఇంజిన్ దెబ్బతినకుండా కంప్రెషన్ నిష్పత్తిని 6.5కి తగ్గించారు, దాంతో టర్బో అందుకోనంతసేపూ ఇంజిన్ నీరసంగా ఉండేది. గేర్లు నాలుగే, వాటి మధ్య అంతరం ఎక్కువ. వీటన్నిటి మీదా ఇంజిన్ వెనక ఇరుసుకు ఇంకా వెనక వేలాడుతుంది. మలుపులో డ్రైవరు కాలు నొక్కుతాడు, ఏమీ జరగదు. ఇంకాస్త నొక్కుతాడు. బలం ఒక్కసారిగా విరుచుకుపడి వెనక చక్రాలు జారతాయి. భయపడి కాలు తీస్తే బరువు ముందుకు ఒరిగి, పట్టు వదిలిన వెనక భాగం గిర్రున తిరుగుతుంది. నొక్కినా తప్పే, తీసినా తప్పే. దానికి ‘భార్యల్ని విధవల్ని చేసే కారు’ అన్న పేరు ఊరికే రాలేదు.

తర్వాతి మార్పుల్లో ముఖ్యమైనవన్నీ ఈ వ్యవధిని కోస్తూ, ఆ విరుచుకుపడడాన్ని మచ్చిక చేస్తూ వచ్చినవే. 1978లో ఇంజిన్ 3.3 లీటర్లకు పెరిగింది, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చేరింది. అయిదో గేరుకు మాత్రం 1989 దాకా ఆగాల్సి వచ్చింది, ఇంత తాత్సారం ఎందుకో! పోర్షే మరో మోడల్ 959లో రెండు టర్బోలను వంతులవారీగా వాడారు, మొదటిది పని అందుకున్నాక రెండోది వచ్చి చేరేలా. 993 అనే అంతర్గత సంఖ్యతో 1995లో వచ్చిన 911 టర్బోలో రెండు చిన్న టర్బోలు, నాలుగు చక్రాలకూ బలం. చిన్న చక్రం తేలిక, తేలికైనది త్వరగా తిరుగుతుంది. 2006లో టర్బైన్ చుట్టూ కోణం మార్చుకునే రెక్కలు వచ్చాయి. నీళ్ల గొట్టం మూతిని వేలితో నొక్కితే ధార దూరం పోయినట్టు, పొగ తక్కువున్నప్పుడు అవి దారిని ఇరుకు చేస్తాయి. డీజిల్ కార్లలో అంతకుముందే ఉన్నా, పెట్రోలు పొగ వేడి వెయ్యి డిగ్రీలకు చేరుతుంది కనుక దాన్ని తట్టుకునే లోహం కుదిరేదాకా పోర్షే ఆగాల్సి వచ్చింది. చివరికి 2024లో 911 జీటీఎస్‌లో టర్బో ఇరుసు మీదే చిన్న కరెంటు మోటారు పెట్టారు. పొగ పుంజుకునేలోగానే చక్రం తిరుగుతుంది.

ఆలస్యమే అసలు జబ్బన్న ఈ మాటకు అభ్యంతరాలున్నాయి. ఆ ఆలస్యంలోనే మజా ఉందని, ప్రమాదాన్ని లొంగదీసుకోవడమే నైపుణ్యమని పాత కారు ప్రేమికులు అంటారు. నైపుణ్యాన్ని కాదనను. కానీ యంత్రం లోపాన్ని కప్పిపుచ్చడానికి ఖర్చయ్యే నైపుణ్యం యంత్రం గొప్పతనం కిందకు రాదు. తయారుచేసినవాళ్లే అది లోపమనుకోబట్టి యాభై ఏళ్లు దాని వెంటపడ్డారు. అసలు తప్పు ఇంజిన్‌ను వెనక పెట్టడమేనన్న వాదనకు బలం ఎక్కువ. పోర్షే కూడా ఒకప్పుడు అలాగే తలచింది. ముందు ఇంజిన్‌తో 1977లో వచ్చిన 928ని 911కు వారసుడిగా అనుకున్నారు. 1981లో పగ్గాలు పట్టిన పీటర్ షుట్జ్ 911ను ఆపొద్దని నిర్ణయించాడు. అందులో అభిమానుల మోజు పాలు ఉంది, ఒప్పుకుందాం. కానీ వెనక బరువు వల్ల వెనక చక్రాలకు దక్కే పట్టు కూడా నిజమే. బలం సమయానికి వచ్చేసరికి, ఒకప్పుడు శాపమనిపించిన ఆ బరువు ఉపయోగంలోకి వచ్చింది.

కోట్ల కారు గొడవ మనకెందుకంటారా? బీచ్ రోడ్డులో తిరిగే చిన్న కార్లలోనూ ఇప్పుడు లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్లున్నాయి. ప్రకటనలు మాత్రం ఇంకా హార్స్‌పవరే పాడుతున్నాయి. పోర్షే కూడా 2019లో పొగ గొట్టమే లేని కరెంటు కారు టైకాన్‌కు ‘టర్బో’ అని పేరు పెట్టిందంటే, ఆ మాట యంత్రాన్ని వదిలి హోదాగా మిగిలిందన్నమాట. కాబట్టి టర్బో కారు కొనబోయేవారు కాగితం మీది అంకె పక్కన పెట్టి, టెస్ట్ డ్రైవ్‌లో సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కించండి. వంపు దాటాక రెండో గేరులో కాలు నొక్కి, బండి జోరందుకునేదాకా మనసులో లెక్కపెట్టండి.